పలుకుకు ప్రతిపలుకు

పాఠ్యభాగ ఉద్దేశం

శిశువు ఎదుగుదలకు ఆహారం, ఆరోగ్యరక్షణ ఎంత అవసరమో పెంచేవారి పలకరింపు, ఆట, ఆదరణ కూడా అంతే అవసరమని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. తెలుగునాట తరతరాలుగా సాగుతున్న శిశుపోషణ పద్ధతులలోని విలువను ఆధునిక పరిశోధనల వెలుగులో గ్రహింపజేయడం, పసిబిడ్డల పట్ల కుటుంబానికీ సమాజానికీ గల బాధ్యతను గుర్తుచేయడం ఇందులోని ముఖ్యాంశాలు.

పాఠం

మానవ శిశువంత నిస్సహాయంగా పుట్టే ప్రాణులు సృష్టిలో అరుదు. లేగదూడ పుట్టిన కొద్ది గంటలలోనే తూలుతూ లేచి తల్లి పొదుగును వెతుక్కుంటుంది. కోడిపిల్ల గుడ్డు నుంచి బయటపడిన ఒకటి రెండు రోజులకే గింజలు ఏరుకుంటుంది. మనిషి బిడ్డకు మెడ నిలపడానికే సుమారు మూడు నెలలు పడుతుంది. తొలి అడుగు వేయడానికి దాదాపు ఏడాది కావాలి. తన పని తాను చేసుకోవడానికి ఎన్నో ఏళ్లు గడవాలి.

ఈ సుదీర్ఘమైన పరాధీనత పైకి లోపంగా కనిపిస్తుంది. కాని మానవుని విశిష్టతకు మూలం కూడా ఇదే. లేగదూడ తన బతుకుకు కావలసిన నేర్పులో అధికభాగాన్ని పుట్టుకతోనే తెచ్చుకుంటుంది. మనిషి బిడ్డ భాషనూ మర్యాదనూ ఆలోచించే తీరునూ తనను పెంచేవారి నుంచి నేర్చుకుంటుంది. అందుకు అనువుగా శిశువు మెదడు పుట్టిన తరువాతనే వేగంగా పెరుగుతుంది. రెండేళ్లు నిండేసరికి అది పెద్దల మెదడు పరిమాణంలో సుమారు 80 శాతానికి, ఐదేళ్లు దాటేసరికి సుమారు 90 శాతానికి చేరుకుంటుంది. ఈ పెరుగుదల ఏ పాఠశాలలోనూ జరగదు. ఒడిలో, ఉయ్యాలలో, వంటింటి గడప దగ్గర, వాకిట్లో జరుగుతుంది. కాబట్టి ఆ చోట్ల బిడ్డ చుట్టూ ఎవరున్నారు, వారు బిడ్డతో ఎలా మెలుగుతున్నారు అన్నది బిడ్డ భవిష్యత్తును తీర్చిదిద్దే అంశాలలో ఒకటి అవుతుంది.

పెంచే చేతులు

పెంపకం అనగానే తల్లి గుర్తుకు రావడం సహజం. అయితే మన పల్లెలలో బిడ్డను పెంచే చేతులు ఎన్నో ఉంటాయి. తిరువూరు ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒకనాటి కృష్ణా జిల్లాకు ఉత్తరపు కొసన, ఖమ్మం సరిహద్దుకు చేరువలో, విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే రహదారిపై ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రంగా ఉంది. చుట్టూ మామిడితోటలు, పత్తిచేలు, మిరపచేలు, వరిపొలాలు విస్తరించి ఉంటాయి. ఇటువంటి వ్యవసాయ ప్రాంతాలలో కూలిపనులలో స్త్రీల పాలు ఎక్కువ. పత్తి తీతకు, మిరపకాయల కోతకు పొద్దు పొడవకముందే బయలుదేరే తల్లులు పొద్దువాలాక గాని ఇల్లు చేరరు.

ఆ పగలంతా పసిబిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది? కొన్ని ఇళ్లలో అమ్మమ్మో నాయనమ్మో చూసుకుంటుంది. కొన్ని ఇళ్లలో తాతయ్య మంచం పక్కన ఉయ్యాల ఊపుతాడు. మరికొన్ని చోట్ల ఇంకా బడి ఈడు దాటని అక్క చంకనెత్తుకుని తిరుగుతుంది. చేను గట్టున చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి, మధ్యమధ్య వచ్చి పాలిచ్చి వెళ్లే తల్లులూ ఉన్నారు. మూడేళ్లు నిండిన బిడ్డలు అంగన్‌వాడీ కేంద్రంలో కార్యకర్త, ఆయాల సంరక్షణలో కొంత పొద్దు గడుపుతారు. వీరందరూ శిశువుకు పెంచేవారే. శిశువికాసాన్ని గురించి చెప్పే ఏ మాటైనా కేవలం తల్లికే కాక వీరందరికీ వర్తిస్తుంది.

ఊసులు

నెలల బిడ్డను ఒడిలో పడుకోబెట్టుకున్న అమ్మమ్మ ఏం చేస్తుంది? బిడ్డ "ఉంగా" అంటుంది. "ఏమ్మా, ఆకలేసిందా? అమ్మ ఇంకా రాలేదనా?" అని ఆమె అడుగుతుంది. బిడ్డ కాళ్లు ఆడిస్తూ మళ్లీ "ఉంగా" అంటుంది. "అవునా తల్లీ, వచ్చేస్తుందిలే" అని ఆమె బదులు చెబుతుంది. అర్థం లేని ధ్వనికి అర్థవంతమైన మాటతో సమాధానమిచ్చే ఈ సంభాషణను తెలుగువారు ఊసులాడడం అంటారు. చూసేవారికి ఇది కాలక్షేపంలా తోస్తుంది. నిజానికి ఇది శిశువు చదివే మొదటి పాఠం.

ఈ ఊసులలో మూడు సంగతులు ఇమిడి ఉన్నాయి. మొదటిది, తాను చేసిన ధ్వనికి లోకం నుంచి బదులు వస్తుందని శిశువు గ్రహిస్తుంది. రెండవది, ఒకరు పలికేటప్పుడు మరొకరు ఆగాలనే సంభాషణ నియమం బిడ్డకు అలవడుతుంది. మూడవది, ఆకలి, నిద్ర, భయం, సంతోషం వంటి తన స్థితులకు పేర్లున్నాయని క్రమంగా తెలుస్తుంది. పలుకుకు ప్రతిపలుకు దొరికినకొద్దీ మెదడులోని నాడీకణాల మధ్య సంబంధాలు బలపడతాయని నాడీశాస్త్రం చెబుతున్నది. తరచుగా వాడిన దారులు స్థిరపడతాయి, వాడని దారులు క్రమంగా చెరిగిపోతాయి.

ఆ ప్రతిపలుకు హఠాత్తుగా ఆగిపోతే ఏమవుతుందో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్, ఆయన సహచరులు ఒక ప్రయోగం ద్వారా పరిశీలించి 1978లో ప్రకటించారు. తల్లి మొదట బిడ్డతో మామూలుగా ఆడుతుంది. తరువాత కొద్ది నిమిషాలపాటు ముఖంలో ఏ భావమూ లేకుండా, పలకకుండా బిడ్డవైపు చూస్తూ ఉండిపోతుంది. బిడ్డ మొదట నవ్వి ఆమెను మళ్లీ ఆటలోకి లాగడానికి ప్రయత్నిస్తుంది. ఫలితం లేకపోతే చూపు తిప్పుకుంటుంది. చివరకు కలత చెందుతుంది. తల్లి ఎదుటనే ఉంది. బిడ్డకు ఆకలి లేదు, నొప్పి లేదు. లేనిదల్లా బదులు మాత్రమే. మనిషి దగ్గర ఉండడం వేరు, బిడ్డకు అందుబాటులో ఉండడం వేరు అని ఈ ప్రయోగం స్పష్టం చేసింది. అయితే తల్లి తిరిగి పలకరించగానే చాలామంది బిడ్డలు నెమ్మదిగా తేరుకుంటారు. రోజువారీ పనులలో అప్పుడప్పుడు బిడ్డకు బదులివ్వలేకపోవడం తప్పు కాదు. మళ్లీ దగ్గరకు తీసుకోవడమే ముఖ్యం.

నమ్మకమనే పునాది

పరిచయం లేని మనిషి ఇంటికి వస్తే పారాడే బిడ్డ గబగబా వెళ్లి నాయనమ్మ కొంగు పట్టుకుంటుంది. కొంతసేపటికి ఆ కొంగు చాటు నుంచే కొత్త మనిషిని తొంగి చూస్తుంది. ఇంకొంతసేపటికి అతని చేతిలోని తాళంచెవుల గుత్తి కోసం రెండడుగులు ముందుకు వేస్తుంది. భయం వేస్తే చేరడానికి ఒక చోటు ఉందన్న ధీమాయే బిడ్డను కొత్తదానివైపు నడిపిస్తుంది.

పిల్లలకూ పెంచేవారికీ మధ్య ఏర్పడే ఈ బంధాన్ని ఆంగ్ల మనోవైద్యుడు జాన్ బౌల్బీ శాస్త్రీయంగా వివరించారు. తల్లి సంరక్షణకూ పిల్లల మానసిక ఆరోగ్యానికీ గల సంబంధంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఆయన రూపొందించిన నివేదిక 1951లో వెలువడింది. ఆయనతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1954–55లో ఆఫ్రికా ఖండంలోని ఉగాండా పల్లెలలో, తరువాత అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో తల్లీబిడ్డలను వారి ఇళ్లలోనే పరిశీలించారు. బిడ్డ చేసే సైగను గమనించడం, దాన్ని సరిగా అర్థం చేసుకోవడం, ఆలస్యం చేయకుండా తగిన విధంగా స్పందించడం అనే గుణాలు పెంచేవారిలో ఉంటే బిడ్డలో భద్రమైన అనుబంధం ఏర్పడుతుందని ఆమె నిర్ధారించారు. అటువంటి బిడ్డ తల్లి కనుమరుగైతే ఏడవవచ్చు. కాని తల్లి తిరిగి రాగానే ఊరట చెంది మళ్లీ ఆటలో పడుతుంది.

ఏడ్చిన వెంటనే ఎత్తుకుంటే బిడ్డ మొండిగా తయారవుతుందన్న అభిప్రాయం లోకంలో ఉంది. ఐన్స్‌వర్త్ బృందం పరిశీలన దీనికి భిన్నమైన ఫలితాన్ని చూపింది. తొలినెలలలో ఏడుపుకు వెంటనే స్పందించిన ఇళ్లలోని బిడ్డలు ఏడాది పూర్తయ్యేసరికి తక్కువగా ఏడ్వడం, సైగల ద్వారా తమ అవసరాన్ని తెలపడం నేర్చారు.

ఈ అనుబంధం తల్లి ఒక్కరితోనే ఏర్పడుతుందనుకోవడం పొరపాటు. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో 60 మంది శిశువులను గమనించిన షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు ఏడాదిన్నర వయసు వచ్చేసరికి వారిలో ఎక్కువమంది ఒకరికి మించిన వ్యక్తులతో అనుబంధం ఏర్పరచుకున్నారని 1964లో వెల్లడించారు. తండ్రి, అవ్వాతాతలు, తోబుట్టువులు అందులో ఉన్నారు. కూలికి వెళ్లే తల్లి తన బిడ్డకు అన్యాయం చేస్తున్నానని కుమిలిపోనవసరం లేదని దీనివల్ల తెలుస్తున్నది. ఆమె లేని వేళ బిడ్డకు బదులిచ్చే స్థిరమైన మనిషి ఒకరు ఉండాలి. ఆమె ఇల్లు చేరాక బిడ్డ కోసం కొంత సమయం మిగలాలి.

ఆట, మాట, ఆలోచన

నమ్మకం కుదిరిన బిడ్డ లోకాన్ని తెలుసుకోవడానికి పూనుకుంటుంది. మన ఇళ్లలో పెద్దలు పసిపిల్లలతో ఆడే చిన్నచిన్న ఆటలు ఇందుకు ఎంతగానో తోడ్పడతాయి. దోబూచులాటనే తీసుకుందాం. అక్క ఓణీ చాటున ముఖం దాచుకుని "బూచి" అంటూ బయటపడుతుంది. బిడ్డ కిలకిలా నవ్వుతుంది. కంటికి కనిపించని వస్తువు కూడా ఎక్కడో ఉండే ఉంటుందన్న జ్ఞానం శిశువుకు పుట్టుకతో ఉండదని, తొలి ఏడాదిలో క్రమంగా కలుగుతుందని స్విట్జర్లండ్ శాస్త్రవేత్త జీన్ పియాజె వివరించారు. దాగిన ముఖం మళ్లీ వస్తుందని ఎదురుచూసే బిడ్డ ఆ జ్ఞానాన్నే సాధన చేస్తున్నది.

చందమామను చూపుతూ గోరుముద్దలు తినిపించడం మరొక ఉదాహరణ. తల్లి వేలు చూపిన వైపు బిడ్డ చూస్తుంది. వేలిని కాక, వేలు చూపుతున్న వస్తువును చూడాలని గ్రహించడం సామాన్యమైన సంగతి కాదు. ఇద్దరూ ఒకే వస్తువుపై దృష్టి నిలిపినప్పుడు పలికిన పేరు ఆ వస్తువుకు అతుక్కుంటుంది. పదాలు నేర్చుకోవడానికి ఇది రాజమార్గం. సాధారణంగా తొమ్మిది నెలలకూ ఏడాదికీ మధ్య బిడ్డ తానే వేలు చూపి అడగడం ప్రారంభిస్తుంది. ఆ వేలికి "అది కాకి, ఎగిరిపోయింది చూడు" అన్న సమాధానం దొరికితే బిడ్డ మరొక ప్రశ్నకు సిద్ధమవుతుంది.

పెద్దల తోడ్పాటుకు ఆలోచనలో గల స్థానాన్ని రష్యా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ (1896–1934) విశదపరిచారు. బిడ్డ ఒంటరిగా చేయగలిగే పనికీ, తెలిసినవారి సాయంతో చేయగలిగే పనికీ మధ్య కొంత అంతరం ఉంటుంది. నేర్చుకోవడం జరిగేది ఆ అంతరంలోనే. ఇల్లు కట్టే మేస్త్రీ గోడ లేచేదాకా సారువ వేసి, గోడ నిలిచాక దాన్ని విప్పేస్తాడు. మంచి పెంపకం కూడా అటువంటిదే. రెండేళ్ల మనవడు చెంబుతో నీళ్లు తెస్తానంటే నాయనమ్మ వద్దని లాక్కోదు. చెంబును సగమే నింపి ఇస్తుంది, మొదట తానొక చేయి వేస్తుంది, తరువాత వదిలేస్తుంది. ఒలికిన నీళ్ల కన్న నేర్చిన పని విలువైనదని ఆమెకు తెలుసు.

ఈ సంభాషణ ఏ భాషలో సాగాలన్న ప్రశ్న కూడా ఉంది. తిరువూరుకు ఇరుగుపొరుగునున్న ఎ.కొండూరు వంటి మండలాలలోని తండాలలో లంబాడీ కుటుంబాలు నివసిస్తున్నాయి. వారి ఇంటిభాష వేరు, బడిభాష వేరు. బిడ్డకు బడిభాష రావాలనే ఆరాటంతో ఇంటిభాషలో మాట్లాడడం మానుకోవలసిన పనిలేదు. పెంచేవారికి ఏ భాషలో మాటలు ధారాళంగా, ఆప్యాయంగా వస్తాయో ఆ భాషలోనే బిడ్డకు ఎక్కువ పలుకులు అందుతాయి. ఆ పునాది మీద రెండవ భాష సులభంగా నిలుస్తుంది.

బొబ్బట్ల నుంచి అరిసెల దాకా

తెలుగువారి ఆచారాలలో శిశువు ఎదుగుదలను శ్రద్ధగా గమనించే దృష్టి కనిపిస్తుంది. కోస్తా ప్రాంతంలోని అనేక కుటుంబాలలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు చేసి ఇరుగుపొరుగులకు పంచుతారు. బారసాల, అన్నప్రాశన సరేసరి.

ఇవి కేవలం తినుబండారాల వేడుకలు కావు. బిడ్డ ఏ వయసులో ఏమి చేయాలో ఇంటిల్లిపాదీ కనిపెట్టి ఉండడానికి ఇవి సాధనాలు. మిగతా పిల్లలు పారాడే వయసులో ఒక బిడ్డ ఇంకా బోర్లా పడలేదంటే పెద్దవారి కంటికి ఆ సంగతి ముందుగా ఆనుతుంది. వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లే అవకాశం కలుగుతుంది. అంతేగాక, తాను సాధించిన ప్రతి చిన్న విజయమూ తన వారికి సంతోషం కలిగిస్తుందన్న భావన బిడ్డకు మరొక ప్రయత్నానికి ఉత్సాహమిస్తుంది.

అరవై గ్రామాల పరిశోధన

ఊసులు, ఆటలు మంచివే, కాని బిడ్డకు ముందు కావలసింది కడుపునిండా తిండి కదా అన్న సందేహం కలగవచ్చు. ఈ సందేహానికి సమాధానం తెలుగు పల్లెలలోనే లభించింది. 1918లో కూనూరులో ప్రారంభమై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టర్ షహనాజ్ వజీర్, ఆమె సహచరులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 60 గ్రామాలలో ఒక పరిశోధన నిర్వహించారు. దాని ఫలితాలు 2013లో వెలువడ్డాయి.

ఆ గ్రామాలను ఇరవయ్యేసి చొప్పున మూడు వర్గాలుగా విభజించారు. మొదటి వర్గంలో అంగన్‌వాడీల ద్వారా మామూలుగా అందే సేవలు మాత్రమే కొనసాగాయి. రెండవ వర్గంలో ఆ సేవలతోపాటు తల్లిపాలు, అనుబంధాహారం గురించి తల్లులకు వివరంగా బోధించారు. మూడవ వర్గంలో ఆ బోధనతోపాటు మరొకటి చేర్చారు. బిడ్డ ఆకలిసైగను గమనించి ఓపికగా తినిపించడం, తినిపించేటప్పుడు మాట్లాడడం, బిడ్డతో ఆడుకోవడం ఎలాగో నేర్పారు. బోధించినవారు పట్టణాల నుంచి వచ్చిన నిపుణులు కారు. శిక్షణ పొందిన పల్లె స్త్రీలే ఇంటింటికీ వెళ్లి ఈ పని చేశారు. బిడ్డకు మూడు నెలల వయసున్నప్పుడు ప్రారంభించి పన్నెండు నెలలపాటు దీనిని కొనసాగించారు.

ఫలితాలు ఆలోచింపజేసేవి. రెండవ, మూడవ వర్గాల బిడ్డలకు మొదటి వర్గం కన్న మెరుగైన ఆహారం అందింది. ఆహారబోధన ఒక్కటే జరిగిన రెండవ వర్గంలో బిడ్డలు గిడసబారడం తగ్గింది. కాని మానసిక వికాస పరీక్షలో వారు మొదటి వర్గాన్ని మించలేదు. ఆహారంతోపాటు మాట, ఆట కూడా అందిన మూడవ వర్గం బిడ్డలు మాత్రమే ఆ పరీక్షలో సగటున 3.1 పాయింట్లు అధికంగా సాధించారు. అయితే ఎత్తు విషయంలో రెండవ వర్గానికి కలిగిన మేలు మూడవ వర్గంలో స్పష్టంగా కనిపించలేదు. దేహపుష్టికి చేసే కృషి దానంతట అదే బుద్ధివికాసాన్ని తీసుకురాదని, బుద్ధివికాసానికి చేసే కృషి దానంతట అదే దేహపుష్టిని ఇవ్వదని దీనివల్ల తేలుతున్నది. ఒకటి మరొకదానికి బదులు కాదు. బిడ్డకు రెండూ కావాలి.

ఈ ప్రభావం పెద్దయ్యాక కూడా నిలుస్తుందా? దీనికి వెస్టిండీస్ దీవులలోని జమైకాలో జరిగిన పరిశోధన సమాధానమిచ్చింది. శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ నాయకత్వంలో 1980వ దశకంలో అక్కడి కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో గిడసబారిన 129 మంది పసిబిడ్డలను ఎంచుకున్నారు. ఆరోగ్య సహాయకురాండ్రు రెండేళ్లపాటు వారానికొక గంట కొందరి ఇళ్లకు వెళ్లి, ఇంట్లో దొరికే వస్తువులతో బొమ్మలు చేసి, బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి చూపారు. ఆ బిడ్డలు ఇరవై రెండేళ్లవారు అయ్యాక పరిశీలిస్తే, అటువంటి అవకాశం లేని తమ తోటివారి కన్న వారి సగటు సంపాదన 25 శాతం అధికంగా ఉన్నట్లు తేలింది. 2014లో ఈ సంగతి ప్రకటితమైంది. వారానికొక గంట ఆట ఒక తరం బతుకుతెరువును మార్చగలిగింది.

ఆదరణ పూర్తిగా కరవైతే జరిగే నష్టాన్ని రుమేనియా దేశపు అనాథాశ్రమాలు చూపాయి. తిండీ నీడా ఉన్నా, ఒక్కో బిడ్డను తనదిగా చూసుకునే మనిషి అక్కడ లేరు. 2000వ సంవత్సరం తరువాత బుకారెస్ట్ నగరంలో 136 మంది చిన్నారులపై జరిగిన అధ్యయనంలో, ఆశ్రమం నుంచి కుటుంబాల సంరక్షణకు మారిన పిల్లల తెలివితేటలు మెరుగుపడినట్లు తేలింది. రెండేళ్లలోపు మారినవారికి ఎక్కువ మేలు కలిగింది. బాల్యంలో కాలం విలువ ఎంతటిదో ఇది తెలుపుతున్నది.

తెర బదులు పలకదు

నేటి పెంపకంలో చరవాణి ఒక కొత్త దాదిగా చేరింది. ముద్ద మింగడానికీ, ఏడుపు మానడానికీ బిడ్డ చేతిలో సెల్‌ఫోన్ పెట్టడం పట్టణం, పల్లె అనే భేదం లేకుండా కనిపిస్తున్నది. అలసిపోయిన పెద్దలకు అది తక్షణ విశ్రాంతి ఇస్తుందన్న మాట నిజం. కాని ఫోను పలుకుతుందే గాని బదులు పలకదు. బిడ్డ "ఉంగా" అన్నా, వేలు చూపినా, నవ్వినా అందులోని బొమ్మ తన ధోరణిలో తాను సాగిపోతుంది.

అమెరికా పరిశోధకురాలు పెట్రీషియా కూల్, ఆమె సహచరులు 2003లో ప్రకటించిన ప్రయోగం ఈ తేడాను చక్కగా చూపింది. ఆంగ్లం మాట్లాడే ఇళ్లలోని తొమ్మిది నెలల శిశువులలో కొందరికి ఒక మనిషి ఎదుట కూర్చుని చైనా భాషలో కథలు చెప్పి ఆడించారు. మరికొందరికి అవే మాటలను దూరదర్శిని ద్వారా, ధ్వనిముద్రణ ద్వారా వినిపించారు. మనిషితో గడిపిన శిశువులు ఆ భాషలోని ధ్వనులను గుర్తించగలిగారు. తెరను చూసిన, ధ్వనిముద్రణను విన్న శిశువులకు అది అలవడలేదు. రెండేళ్లలోపు పిల్లలకు తెర చూసే సమయం వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు ఒక గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

సమాజం బాధ్యత

బిడ్డతో మాట్లాడడానికి ఖర్చు లేదు. కాని తీరిక కావాలి, ఓపిక కావాలి, మనశ్శాంతి కావాలి. పగలంతా ఎండలో వంగి పనిచేసి వచ్చి, పొయ్యి రాజేసి, నీళ్లు మోసే తల్లిని "బిడ్డతో ఎందుకు ఆడవు?" అని ప్రశ్నించడం న్యాయం కాదు. ఇంటి పనిని తండ్రి పంచుకున్న నాడు ఆమెకు ఆ తీరిక దొరుకుతుంది. స్నానం చేయించడం, అన్నం పెట్టడం, కథ చెప్పి నిద్రపుచ్చడం తండ్రి చేయదగిన పనులే. ఆ వేళ తండ్రికీ బిడ్డకూ మధ్య అనుబంధం కూడా పెరుగుతుంది. చిన్నపిల్లను బడి మాన్పించి తమ్ముణ్ణి చూసుకోమనడం వల్ల ఇద్దరు పిల్లల వికాసం దెబ్బతింటుంది. కాబట్టి కుటుంబానికి సమాజం చేయూత తప్పనిసరి.

ఈ అవసరాన్ని గుర్తించి భారత ప్రభుత్వం 1975 అక్టోబరు 2న 33 ప్రాంతాలలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని ప్రారంభించింది. అంగన్‌వాడీలు అందులో పుట్టినవే. అంగణమంటే ముంగిలి. ఇంటి ముంగిలిలోని చనువు ఆ కేంద్రంలో ఉండాలన్నది ఆ పేరులోని భావం. ఆరేళ్లలోపు పిల్లలందరికీ శైశవ సంరక్షణ, విద్య అందించడానికి రాజ్యం కృషి చేయాలని 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ ఆదేశించింది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం, పనిచోటికి వచ్చే స్త్రీల వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించాలని నిర్దేశించింది. పిల్లలను చూసుకోవడం కూడా కూలి చెల్లించదగిన పనేనని ఆ చట్టం అంగీకరించింది. పుట్టుక నుంచి మూడేళ్ల వరకు పిల్లలతో మాట, ఆటల ద్వారా మెలగవలసిన తీరును వివరిస్తూ 2024లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ ‘నవచేతన’ అనే మార్గదర్శక ప్రణాళికను వెలువరించింది.

పథకాలు కాగితాల మీద ఉన్నంత మాత్రాన బిడ్డకు బదులు దొరకదు. బరువు తూచడం, గుడ్లు పంచడం, లెక్కలు రాయడంలోనే అంగన్‌వాడీ కార్యకర్త పొద్దంతా గడిచిపోతే కథ చెప్పడానికి ఆమెకు సమయం మిగలదు. ఆమె పనిభారాన్ని తగ్గించి, శిక్షణనూ తగిన గౌరవవేతనాన్నీ కల్పించడం పాలకుల విధి. ఆమె పిల్లలతో ఆడుతూ కనిపిస్తే ఖాళీగా కూర్చున్నదనుకోకుండా, అదే ఆమె అసలు పని అని గుర్తించడం గ్రామస్థుల విధి.

కళాశాలలో చదివే విద్యార్థులకు ఇందులో పాత్ర లేకపోలేదు. వారిలో అనేకులు ఇప్పటికే ఏదో ఒక పసిబిడ్డకు అన్నయ్యో, అక్కయ్యో, పిన్నో, బాబాయో అయి ఉంటారు. బిడ్డ వేలు చూపినప్పుడు తలతిప్పి ఆ వైపు చూడడానికి, ఆ వస్తువు పేరు చెప్పడానికి, వచ్చీరాని మాటలతో చెప్పే కథకు ఊకొట్టడానికి పట్టాలు అక్కర్లేదు. బడిలో అక్షరాలు దిద్దే వయసు వచ్చేనాటికే బిడ్డ వేలాది ప్రశ్నలు వేసి ఉంటుంది. వాటికి సమాధానాలు దొరికిన బిడ్డ అడగడం మానదు, నేర్చుకోవడం మానదు. ఎదుటివారి మాట వినడం కూడా ఆ బిడ్డకు అక్కడే అలవడుతుంది.

అభ్యాసం

అ) పదాలు – అర్థాలు

పరాధీనత = ఇతరులపై ఆధారపడి ఉండడం
ఊసులు = ముద్దుమాటలు, కబుర్లు
సారువ = కట్టడపు పనిలో మేస్త్రీలు నిలబడడానికి కర్రలతో వేసే తాత్కాలికమైన కట్టు
గిడసబారడం = వయసుకు తగినంత ఎత్తు పెరగకపోవడం
అనుబంధాహారం = ఆరు నెలలు నిండాక తల్లిపాలతోపాటు బిడ్డకు ఇచ్చే ఆహారం
దాది = పిల్లలను పెంచే స్త్రీ

ఆ) కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. తెలుగువారు ఊసులాడడం అని దేనిని అంటారు?
2. జాతీయ పోషకాహార సంస్థ ఏ సంవత్సరంలో హైదరాబాదుకు తరలివచ్చింది?
3. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఎప్పుడు ప్రారంభమైంది?

ఇ) కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.

1. దోబూచులాట శిశువు ఆలోచనకు ఎలా తోడ్పడుతుంది?
2. ‘మంచి పెంపకం సారువ వంటిది’ – వివరించండి.
3. సెల్‌ఫోన్ పెంచేవారికి ప్రత్యామ్నాయం ఎందుకు కాలేదు?

ఈ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. అరవై గ్రామాల పరిశోధన జరిగిన తీరును, దాని ఫలితాలను విశ్లేషించండి.
2. శిశువికాసంలో కుటుంబం, సమాజం నిర్వహించవలసిన పాత్రను పాఠం ఆధారంగా చర్చించండి.

ఉ) మీ ఇంట్లోని పెద్దలను అడిగి, మీ ప్రాంతంలో పసిపిల్లలతో ఆడే ఆటలను, ఎదుగుదల సందర్భంగా చేసే వేడుకలను సేకరించండి. అవి బిడ్డకు ఏమి నేర్పుతాయో ఒక పుటలో రాయండి.